రెండు మెట్లు కిందికి

ఆ ల్యాప్‌టాప్ మూడోసారి తిరిగొచ్చింది.

మొదటిసారి తిరిగొచ్చినప్పుడు ఫ్రిజ్జాయన నవ్వేశాడు. రెండోసారి నవ్వినట్టు ముఖం పెట్టాడు. ఈ సోమవారం పొద్దున ఇంజినీరమ్మ దాన్ని సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టేసరికి ఏ ముఖం పెట్టాలో తోచక కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది.

"నలభై నిమిషాలు బాగానే నడిచింది బాబాయ్ గారూ," అంది ఇంజినీరమ్మ. "తర్వాత మళ్లీ అదే తంతు. ఆసుపత్రి గుమ్మంలోంచి లోపలికి నడుచుకుంటూ వెళ్తున్నట్టు చూపిస్తున్నానా, మూడో అంతస్తు మెట్ల దగ్గరికి వచ్చేసరికి బొమ్మ ఆగి ఆగి కదలడం మొదలుపెట్టింది. చూసేవాళ్లకి కళ్లు తిరుగుతాయి."

ఇంజినీరమ్మ పని అది. కట్టబోయే భవనాన్ని ముందే కంప్యూటర్లో కట్టి, కట్టించుకునేవాళ్ల చెయ్యి పట్టుకుని గది గదీ తిప్పుతుంది. కిటికీలోంచి ఎండ ఏ వేళకి ఎక్కడ పడుతుందో కూడా కనబడుతుంది. వాళ్ల గదుల్లోకే వెళ్లి చూపించాలి కాబట్టి పెద్ద కంప్యూటర్ చేసే పనంతా చేసే ల్యాప్‌టాప్‌లు కావాలి. అలాంటివి ఆమె ఆఫీసులో ఆరున్నాయి. వాటిని ల్యాప్‌టాప్‌లనడం మర్యాద కోసమే. ఒళ్లో పెట్టుకుంటే కాళ్లు తిమ్మిరెక్కుతాయి, పని మొదలుపెడితే తొడలు కాలతాయి.

"గురువారం పదకొండింటికి ఆసుపత్రి వాళ్లకి చూపించాలి," అందామె. "గంటన్నర పడుతుంది. మధ్యలో ఆగిందంటే ఆ పని మాకు రాదు. మా ఆఫీసులో వాళ్లు ఆరు మిషన్లూ ఇక కంపెనీ సెంటర్‌కే పంపేద్దామంటున్నారు. ఇంకొక్కసారి చూద్దామని నేనే ఆపాను."

"బుధవారం సాయంత్రానికి ఇస్తానమ్మా. ఈసారి తిరిగి రాదు."

ఈ మాట ఆయన ఇదివరకే రెండుసార్లు అన్నాడు. ఆ సంగతి ఇద్దరికీ గుర్తుంది. ఆమె సంచి మడతపెట్టి చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. ఆమె నాలుగు మాటలు అని వెళ్లుంటే ఆయనకి కాస్త తేలిగ్గా ఉండేది.

ఫ్రిజ్జాయనకి అసలు పేరొకటి ఉంది. బ్యాంకు వాళ్లకీ డాక్టరుకీ తప్ప దాంతో ఎవరికీ పని పడలేదు. ఇరవై రెండేళ్లు ఫ్రిజ్జులు బాగుచేశాడు, తర్వాత కొన్నాళ్లు ఏసీలు బాగుచేశాడు. మోకాళ్లు నిచ్చెన ఎక్కనివ్వమని మొండికేశాక ఇంట్లోనే ముందు గదిలో కూర్చున్నాడు. అప్పుడెవరో, "వేడి సంగతి నీకు తెలుసుగా, దీన్ని కాస్త చూడు," అని ఒక ల్యాప్‌టాప్ తెచ్చి పడేశారు. మూత విప్పి చూస్తే లోపల రాగి గొట్టాలు, సన్నటి రేకులు, రెండు బుల్లి ఫ్యాన్లు. ఒకచోట వేడి పుడుతుంది, గొట్టం దాన్ని ఇంకోచోటికి మోస్తుంది, ఫ్యాను బయటికి నెడుతుంది. ఆయన హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. పాత చుట్టం చిన్న చొక్కా వేసుకుని వచ్చినట్టనిపించింది.

పాత ఫ్రిజ్జు లోపలి తీగల అర ఒకటి బల్ల మీద బిగించాడు. ల్యాప్‌టాప్‌ని దాని మీద పెడితే కిందినుంచి గాలి ఆడుతుంది. పక్కన తన కోసం ఒక స్టాండు ఫ్యాను పెట్టుకున్నాడు. అంతే, దుకాణం తయారైంది.

ఆయన పేరు మోగింది బాగుచేయడం వల్ల కాదు, మెట్లెక్కించడం వల్ల. ఈ పెద్ద మిషన్లు ఎంత కరెంటు తాగితే అంత జోరుగా పని చేస్తాయి, అంత వేడెక్కుతాయి. వేడి ఒక హద్దు దాటిందంటే మిషనే భయపడి తన జోరు సగానికి సగం తగ్గించేసుకుంటుంది. అందుకని కంపెనీ వాళ్లు ముందుజాగ్రత్తగా నలభై అయిదు వాట్లకి మించి తాగొద్దని కట్టడి పెట్టి పంపిస్తారు. ఆ కట్టడిని కొంచెం కొంచెంగా సడలించి, మిషను ఎంతవరకు తట్టుకుంటుందో చూసి అక్కడ ఆపడమే పనితనం. అయిదు వాట్లకి ఒక మెట్టు.

ఎక్కడ ఆపాలన్నది ఆయనకి చెవి చెప్పేది. మెట్లు ఎక్కించేకొద్దీ ఫ్యాన్ల హోరు పెరుగుతుంది. ఒకచోట ఆ హోరులోంచి సన్నటి ఈల లేస్తుంది. ఫ్యాను తన శక్తంతా పెట్టేసింది, ఇక దాని దగ్గర ఏమీ మిగల్లేదు అని దానర్థం. ఈల వినబడగానే రెండు మెట్లు కిందికి దించేవాడు, నోటుపుస్తకంలో రాసుకునేవాడు, మూత మూసేసేవాడు. ఇంత నమ్మకం ఉన్నవాడు అరగంట పరీక్షలూ గంట పరీక్షలూ ఎందుకు పెడతాడు?

ఆ చెవి అలాంటిది. చుట్టాలింటికి వెళ్తే ఇచ్చిన కాఫీ నోట్లో పోసుకోకముందే వంటింటి వైపు తల తిప్పి, "మీ ఫ్రిజ్జు ఇంకో ఆరు నెలలు," అనేవాడు. సరిగ్గా ఆరు నెలలకి అది ఆగిపోయేది. అందుకే చుట్టాలు ఆయన్ని పిలవడం తగ్గించారు.

అలాంటివాడి దగ్గరికి అయిదు నెలలుగా మిషన్లు తిరిగొస్తున్నాయి.

ఇంజినీరమ్మది ఒక్కటే కాదు, వేరేవాళ్లవి ఇంకో ఆరు వచ్చాయి. ఇక్కడ బంగారంలా నడుస్తాయి, ఇంటికెళ్లి మొరాయిస్తాయి. ముందు ఆయనకి పేస్టు మీద అనుమానం వచ్చింది. చిప్పుకీ రాగికీ మధ్య రాసే ఆ బూడిదరంగు ముద్దని మూడు రకాలు మార్చాడు. తర్వాత అనుమానం ఎండల మీదికి మళ్లింది. ఎండలు తగ్గాయి, మిషన్లు తిరిగి రావడం తగ్గలేదు. ఆ పైన దుమ్ము, ఆ పైన మరలు సరిగా బిగించలేదేమోనని తన వేళ్లు. ఒకరోజు ఒక కుర్రడాక్టరు తన మిషను వెనక్కి తెస్తే, "మీ ఇంట్లో కరెంటులోనే ఏదో ఉంది," అని పంపేశాడు. పంపేశాక సిగ్గుపడ్డాడు. ఎవరైనా తనతో అలా అనివుంటే గుమ్మంలోంచే తరిమేసేవాడు.

ఏం మారింది? అదే బల్ల, అదే తీగల అర, అవే చేతులు. ఎంత తల గోక్కున్నా అంతు చిక్కలేదు.

వస్తువులన్నీ కలిసి తన మీద కక్ష కట్టాయేమోనని కూడా అనిపించింది. మొన్నటికి మొన్న కాస్త ఒళ్లు వెచ్చబడితే జ్వరం చూసే థర్మామీటరు చంకలో పెట్టుకున్నాడు. అది పని కాగానే కీచుమనాలి. పావుగంట కూర్చున్నా కీచుమనలేదు. తీసి చూస్తే అంకె వేసే ఉంది. కూత చెడిందని తేల్చి, సూది స్క్రూడ్రైవరు తెచ్చి దాన్ని విప్పాడు, తీగ మళ్లీ అతికించాడు, మళ్లీ చంకలో పెట్టుకున్నాడు. అయినా కీచుమనలేదు. చెత్త సరుకని అలమరలో పడేశాడు.

వీటన్నిటికంటే ఆయన్ని తినేస్తున్నది వేరే ఉంది. దాన్ని ఎవరికి చెప్పుకోవాలో తెలియలేదు.

భార్య ముందు గదిలో కూర్చోవడం మానేసింది.

మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆమె కిటికీ పక్క పేము కుర్చీలో కూర్చుని స్వెటర్లు అల్లేది, ఈయన మరలు విప్పుకునేవాడు. మాట్లాడుకునేది తక్కువే. "దారం అందుకోండి," అని ఆమె, "ఆ చిన్న స్క్రూ కనబడిందా?" అని ఈయన. ఏళ్లతరబడి అలాగే గడిచింది. అయిదు నెలల కిందట ఒక మధ్యాహ్నం ఆమె పేము కుర్చీ ఎత్తుకుని లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. అప్పట్నుంచీ రోజూ అంతే.

కోపం వచ్చిందని ఆయనకి అర్థమైంది. ఎందుకొచ్చిందో అర్థం కాలేదు. తను చేసిన తప్పులన్నీ వరసగా గుర్తు చేసుకున్నాడు. వాళ్ల అక్క ఫోన్ చేసిందన్న సంగతి చెప్పడం మరిచిపోయాడు. వాళ్ల తమ్ముడికి నోరు ఎక్కువన్నాడు. నీలం స్వెటరు చేతులు పొడుగయ్యాయన్నాడు. ఈ మూడింటిలో ఏదో తేలలేదు. అడిగితే చెబుతుందేమోనని భయపడి అడగలేదు. మగవాళ్లలో ఈ రకం తక్కువేమీ లేరు.

సోమవారమంతా ఇంజినీరమ్మ మిషను ముందు కూర్చున్నాడు. పాత పేస్టు గీకేసి కొత్తది రాశాడు. రేకుల మధ్య దుమ్ము లేకపోయినా కుంచెతో దులిపాడు. మెట్లెక్కించాడు. హోరు ఇక పెరగదనిపించిన చోట, తొంభై వాట్ల దగ్గర ఆపి, ఎందుకైనా మంచిదని ఈసారి గంటసేపు నడిపించాడు. తీగల అర కింద గాలి, పక్కన స్టాండు ఫ్యాను. మిషను చెక్కుచెదరలేదు.

"మరి నీకేం రోగం?" అని దాన్నే అడిగాడు.

మంగళవారం దాన్ని తనే మోసుకుని ఇంజినీరమ్మ ఆఫీసుకి వెళ్లాడు. అక్కడ అందరి మధ్యా ఒక కుర్చీ లాక్కుని కూర్చుని, ఆసుపత్రిని కిందినుంచి పైకీ పైనుంచి కిందికీ తిప్పించాడు. నలభై రెండో నిమిషంలో మూడో అంతస్తు మెట్ల దగ్గర బొమ్మ తడబడింది. తన కళ్లతో తనే చూశాడు.

బల్ల కింద దూరి చూశాడు. చెక్కబల్ల, నున్నగా ఉంది. మిషను దాన్ని అంటుకుని కూర్చుంటుంది కాబట్టి కింద గాలి అంతగా ఆడదు, నిజమే. కానీ మిగతా అయిదు మిషన్లూ ఇవే బల్లల మీద రెండేళ్లుగా ఉన్నాయి. అవన్నీ తను మెట్లెక్కించినవే, ఒక్కటీ మారాం చేయలేదు. లేచి నిలబడి మిషను మీద చెవి ఆనించాడు. గాలి హోరు చక్కగా వినబడింది, అందులో వంక పెట్టడానికేమీ లేదు. పక్క బల్ల దగ్గర గీతలు గీస్తున్న అమ్మాయి ఆయన్ని ఒకసారి చూసి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. ఈ కాలం పిల్లలకి పాటలు లేకపోతే పొద్దుపోదనుకున్నాడు.

"ఏమైనా తెలిసిందా బాబాయ్ గారూ?" అంది ఇంజినీరమ్మ.

"తెలుస్తోందమ్మా," అన్నాడు. అది అబద్ధం.

బుధవారం మధ్యాహ్నం నోటుపుస్తకం ముందేసుకున్నాడు. మిషను రకం, తేదీ, ఎన్ని వాట్ల దగ్గర ఆపిందీ అందులో పేజీలకి పేజీలు ఉన్నాయి. ఇదే రకం మిషను నిరుడు డెబ్భై దగ్గర ఆపాడు. అంతకుముందుదీ డెబ్భయ్యే. ఈ అయిదు నెలల్లోవి ఎనభై అయిదు, తొంభై, ఒకటైతే తొంభై అయిదు. ఆ అంకెలు వేసిన రోజు తనకెంత గర్వంగా ఉందో గుర్తొచ్చింది. చెయ్యి బాగా తిరిగింది, ఎవరూ రాబట్టలేనంత రాబడుతున్నాననుకున్నాడు. చెయ్యి తిరిగితే మిషన్లు తిరిగి రావడమేమిటి? దీనికి తలా తోకా కనబడలేదు.

పోనీ, కంపెనీ సెంటర్‌కే పంపుకోనీ అనుకున్నాడు ఒక క్షణం. పంపేస్తే రేపట్నుంచి ఈ ముందు గదిలో తను ఏం చేస్తాడు? లోపలి గదిలో మాట్లాడని భార్య, బయటి గదిలో పని లేని తను. నిజంగా భయం వేసింది. స్టాండు ఫ్యాను ముందే కూర్చున్నా చెమట పట్టింది.

మళ్లీ మొదట్నుంచీ చూద్దామని నలభై అయిదు దగ్గర మొదలుపెట్టాడు. యాభై. యాభై అయిదు. అరవై. హోరు పెరిగింది. డెబ్భై. డెబ్భై అయిదు. ఎనభై. ఈల రాలేదు. ఎనభై అయిదు.

లోపలి గది తలుపు తెరుచుకుంది. భార్య ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, ఇంకో చేత్తో చెవిలోంచి దూది పీక్కుంటూ గుమ్మంలో నిలబడింది.

"ఒక్క నిమిషం ఆ ఈల ఆపుతారా?" అంది. "ఇంజినీరమ్మ మాట్లాడుతోంది, ఒక్క ముక్క వినబడటం లేదు."

"ఏ ఈల?" అన్నాడు.

"ఏ ఈలేమిటి? అదే." దూది పట్టుకున్న చేత్తో మిషను వైపు చూపించింది.

ఆయన మిషనుని చూశాడు, భార్యని చూశాడు, మళ్లీ మిషనుని చూశాడు.

"ఇది ఈల వేస్తోందా?"

"వేళాకోళాలకి ఇదా సమయం? ఆ పిల్ల ఫోన్లో ఉందంటుంటే."

ఆయన వేళాకోళం ఆడటం లేదని ఆమెకి ఆ ముఖం చూశాకే అర్థమైంది. ఆయన చెయ్యి మెల్లగా మీటల మీదికి వెళ్లింది. ఒక మెట్టు దించాడు. ఎనభై.

"ఇప్పుడు?"

"ఉంది."

డెబ్భై అయిదు. "ఇప్పుడు?"

"సన్నబడింది. ఉంది."

డెబ్భై. "ఇప్పుడు?"

"పోయింది. అమ్మయ్య."

ఆయనకి మాత్రం మొదట్నుంచీ చివరిదాకా ఒకటే వినబడింది, గాలి హోరు. కాస్త ఎక్కువ, కాస్త తక్కువ, అంతే. పక్కన స్టాండు ఫ్యాను ఆపేసి మళ్లీ డెబ్భై అయిదుకి ఎక్కించాడు. ఊపిరి బిగబట్టి తల వంచాడు. భార్య తల ఊపింది, ఉంది అన్నట్టు. ఆయన చెవిలో ఏమీ లేదు.

"నీకు ఇది రోజూ వినబడుతోందా?"

"రోజూ ఏమిటి, గంటలు గంటలు," అంది ఆమె. "ఇదివరకు ఈల రాగానే ఆపేసేవారు. ఈ అయిదు నెలల్నుంచీ ఆపడమే లేదు. కొత్త పద్ధతేమో, ఇప్పటి మిషన్లింతేనేమో అనుకున్నాను. తల పగిలిపోతుంటే లోపలికి పోయి తలుపేసుకున్నాను. అక్కడికీ వస్తోందని దూది పెట్టుకున్నాను."

"అందుకా లోపలికి వెళ్లింది?"

"మరి ఎందుకనుకున్నారు?"

ఆయన చెప్పాడు. అక్క ఫోన్, తమ్ముడి నోరు, నీలం స్వెటరు చేతులు, అన్నీ వరసపెట్టి చెప్పాడు. ఆమె తమ్ముడి దగ్గరే నవ్వడం మొదలుపెట్టింది. "వాడికి నోరెక్కువని రోజూ నేనేగా అంటాను," అంది. తర్వాత నవ్వు ఆపి, "మీకు చెప్పాను కూడా. రెండుసార్లు. ఈ గుమ్మంలోనే నిలబడి చెప్పాను. మీరు తల ఊపారు," అంది.

తల ఊపే ఉంటాడు. ఈ మధ్య ఏది వినబడకపోయినా తల ఊపడం అలవాటైంది. ఫ్యాను హోరులో కూర్చుని ఉంటాను కదా అని సరిపెట్టుకునేవాడు.

ఆమెకి ఏదో తోచింది. ఫోన్ బల్ల మీద పెట్టి, అలమరలోంచి థర్మామీటరు తెచ్చి ఆయన చెవి దగ్గర పెట్టింది. ఆయన చెవి దగ్గర పెట్టింది.

"కీచుమంది," అంది. "రెండుసార్లు. విన్నారా?"

ఫ్రిజ్జాయనకి ఏమీ వినబడలేదు. మొన్న తను విప్పి అతికించిన తీగ గుర్తొచ్చింది. కూత మొదట్నుంచీ బాగానే ఉంది. పేస్టు బాగానే ఉంది. మరలు, దుమ్ము, ఎండ, కుర్రడాక్టరింట్లో కరెంటు, అన్నీ బాగానే ఉన్నాయి. ఈల దగ్గర రెండు మెట్లు దిగాల్సినవాడు ఈల వినబడక, హోరు ఇక పెరగదనిపించేదాకా పైకి ఎక్కుతూనే పోయాడు. తీగల అర మీద, స్టాండు ఫ్యాను పక్కన మిషను ఎలాగో ఓర్చుకుంది. చెక్కబల్ల మీద ఓర్చుకోలేకపోయింది. అంతే సంగతి.

ఇంత సులువైనదా అని ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. ఎవరూ చచ్చిపోలేదు, ఏదీ పగిలిపోలేదు. కానీ తన ఒంట్లో ఒకటి ఎప్పుడు వెళ్లిపోయిందో కూడా చెప్పకుండా వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు చప్పుడైనా చేయలేదు. భార్య పక్కనే నిలబడి భుజం మీద చెయ్యి వేసింది.

అప్పుడు బల్ల మీదినుంచి, "హలో," అంది ఫోన్.

ఇంజినీరమ్మ లైన్లోనే ఉంది.

ఇద్దరూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. ఆయనే ఫోన్ తీశాడు. దాచడానికి ఇంకేం మిగిలింది?

"విన్నావా అమ్మా?"

"విన్నాను బాబాయ్ గారూ. ఈల కూడా విన్నాను," అంది ఆమె. "మా ఆఫీసులో ఆ మిషను పక్కన కూర్చునే అమ్మాయి దాని గోల పడలేకే హెడ్‌ఫోన్లు పెట్టుకుంటుంది. మీరు బాగా జోరు పెంచారు, అందుకే ఈల వేస్తోందని నేనే ఆ పిల్లకి సర్దిచెప్పాను. మీకు చెప్పాల్సింది."

"నువ్వెందుకు చెబుతావమ్మా. నేను వింటున్నాననుకున్నావు."

ఆమె ఏమనుకుంటోందో ఆయనకి తెలుసు. చెవి మీద బతికే మనిషికి చెవి లేదని తెలిశాక ఆరు మిషన్లు ఎవరు పంపుతారు?

"ఆరింటికి వస్తాను," అంది ఆమె. "సిద్ధంగా ఉంచండి."

ఈల డెబ్భై అయిదు దగ్గర లేస్తోంది. రెండు మెట్లు కిందికంటే అరవై అయిదు. అరవై అయిదు దగ్గర ఆపి, తీగల అర మీదినుంచి మిషనుని తీసేశాడు. స్టాండు ఫ్యాను మూలకి నెట్టాడు. అన్నం తినే బల్ల మీద, ఉత్త చెక్క మీద పెట్టి ఆసుపత్రి తెరిచాడు. భార్య పేము కుర్చీ తెచ్చుకుని దాని పక్కనే కూర్చుంది. ఈయన గడియారం చూస్తూ కూర్చున్నాడు.

నలభై నిమిషాలు. నలభై రెండు. మూడో అంతస్తు మెట్లు వచ్చాయి. ఇద్దరూ కలిసి మెట్లెక్కారు. వరండాలో కిటికీల్లోంచి ఎండ పడుతోంది. పిల్లల వార్డు, మందుల గది, మళ్లీ మెట్లు.

"మనకి జబ్బు చేస్తే ఇందులోనే చేరదాం," అంది భార్య. "ఇంత వెలుతురున్న ఆసుపత్రి నేనెక్కడా చూడలేదు."

గంటన్నర దాటినా బొమ్మ తడబడలేదు.

ఆరింటికి ఇంజినీరమ్మ వచ్చింది. ఆయన మిషను చేతికిస్తూ ఉన్నదున్నట్టు చెప్పాడు. "ఇదివరకు ఇచ్చినంత జోరు ఉండదమ్మా. అరవై అయిదు దగ్గర ఆపాను. అసలు దాని శక్తి అంతే. మొదటి అయిదు నిమిషాలు నీకు మందకొడిగా అనిపిస్తుంది. కానీ చివరిదాకా ఒకేలా నడుస్తుంది." ఆమె సరేనని తల ఊపి సంచిలో పెట్టుకుంది. నమ్మిందో లేదో ఆ ముఖంలో కనబడలేదు.

గురువారం పదకొండింటి నుంచీ ఆయన ఏ పనీ ముట్టుకోలేదు. ఫోన్ మోగితే వినబడుతుందో లేదో అని కొత్త అనుమానం పట్టుకుంది, దాన్ని అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. పన్నెండున్నరయింది. ఒంటిగంటయింది. ఒంటిగంటా పది నిమిషాలకి అరచేతిలో వణికింది.

"అన్ని అంతస్తులూ ఎక్కాం బాబాయ్ గారూ," అంది ఇంజినీరమ్మ. గొంతులో అలసట ఉంది. "ఎక్కడా ఆగలేదు. పిల్లల వార్డు దగ్గర రెండోసారి వెనక్కి తీసుకెళ్లమన్నారు. పని ఇస్తారో లేదో వచ్చే వారం చెబుతారట. ఇవ్వకపోతే ఆ తప్పు మిషనుది మాత్రం కాదు."

"సంతోషమమ్మా."

"మిగతా అయిదూ రేపు పంపిస్తున్నాను. అన్నీ ఒకసారి చూడండి. ఒక్క షరతు. పిన్నిగారు ముందు గదిలో కూర్చోవాలి."

ఆయన ఫోన్ భార్య చేతికిచ్చేసి కళ్లజోడు తుడుచుకున్నాడు. ఈసారి దానికి తుడవాల్సిన అవసరం ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం పేము కుర్చీ కిటికీ పక్కకి తిరిగొచ్చింది. ఆ పొద్దున ఆయన నోటుపుస్తకం చూసి, అయిదు నెలల్లో మెట్లెక్కించిన ప్రతివాళ్లకీ ఫోన్ చేసి మిషన్లు తెమ్మన్నాడు. కుర్రడాక్టరుకి క్షమించమని చెప్పాడు. భార్య ఒళ్లో ఊలు ఉండ పెట్టుకుని అల్లుతోంది. ఈయన మీటలు నొక్కుతూ స్క్రీను వైపు చూడటం లేదు, ఆమె వైపే చూస్తున్నాడు. అరవై అయిదు. డెబ్భై. డెబ్భై అయిదు. ఎనభై. ఆమె సూది పైకెత్తింది.

"వచ్చింది."

రెండు మెట్లు దించి పుస్తకంలో డెబ్భై అని రాసుకున్నాడు. మూత మూయబోయి ఆగాడు.

"ఎలా ఉందది?" అని అడిగాడు.

"ఏది?"

"ఈల. ఇప్పుడు ఎలా ఉంది?"

"ఎలా ఉండటమేమిటి? ఎప్పట్లాగే ఉంది."

"నాకోసారి వేసి చూపించు."

"ఈ వయసులో నేను ఈలలు వేయాలా?" అంది. అన్నా, వీధి తలుపు వేసుందో లేదో ఒకసారి చూసుకుని పెదాలు సున్నాలా చుట్టింది. ముందు ఉత్త గాలే వచ్చింది. రెండోసారి ఎక్కడో చిన్న కూత లేచింది, వంకరగా ఉంది, మధ్యలో తెగింది.

అది ఆయనకి వినబడింది.

"ఇంకా సన్నగా ఉండేది," అన్నాడు.

"నాకొచ్చింది ఇంతే."

"సరే. ఇంకోసారి వెయ్యి."

ఆమె ఊలు పక్కన పెట్టి మళ్లీ ఈల వేసింది. ఆయన కుర్చీ దగ్గరికి జరుపుకుని విన్నాడు.